టీవీకి కలిపిన ల్యాప్‌టాప్‌కు రిమోట్ ఏది?

అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లో చాలా ఇళ్లలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. కొడుకో కూతురో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొన్నది. చదువు ముగిసి, బెంగళూరులో ఉద్యోగం వచ్చి, కంపెనీ వాళ్లు మరొకటి చేతికివ్వడంతో ఇది ఇంటి దగ్గరే మిగిలిపోతుంది. పారేయబుద్ధి కాదు, అమ్మితే పెద్దగా వచ్చేదీ ఉండదు. అదే ఇంటి హాల్లో పదేళ్ల నాటి టీవీ ఉంటుంది. తెర బాగానే ఉంటుంది గానీ అది స్మార్ట్ టీవీ కాదు, స్మార్టే అయినా అందులోని యాప్‌లు ఎప్పుడో పాతబడి తెరుచుకోవడం మానేసి ఉంటాయి. ఈ రెంటినీ ఒక హెచ్‌డీఎంఐ కేబులుతో కలిపితే బొమ్మ, శబ్దం రెండూ ఒకే తీగ మీద టీవీకి చేరతాయి. ఆ పని అరగంట కూడా పట్టదు. అసలు చిక్కు ఆ తరువాత, సినిమా మొదలై అందరూ కుదురుగా కూర్చున్నాక, వాకిట్లో ఎవరో పిలిచినప్పుడు తెలుస్తుంది: బొమ్మ ఆపాలంటే ఒకరు లేచి టీవీ దాకా నడవాలి.

ఆ సమయానికి చేతిలో టీవీ రిమోట్ ఉంటుంది. దానితో శబ్దం పెంచవచ్చు, తగ్గించవచ్చు, టీవీని ఆపేయవచ్చు. సినిమాను మాత్రం ఆపలేము. టీవీకి ల్యాప్‌టాప్ నుంచి అందేవి వట్టి బొమ్మలు. ఆ బొమ్మల్లో ఒక మూల కనిపించే పాజ్ గుర్తుకూ రిమోట్ మీది పాజ్ బటన్‌కూ సంబంధం ఉందని దానికి తెలియదు. తెగిన ఆ సంబంధాన్ని ఏ చోట, దేనితో ముడివేయాలన్నదే ప్రశ్న. సమాధానాలు అరడజనుకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది మొదట ఎంచుకునేది ల్యాప్‌టాప్ తెర మొత్తాన్ని ఫోనులోకి తెచ్చుకునే పద్ధతి. ఈ పనికి అన్నింటికన్నా తక్కువగా పనికొచ్చేదీ అదే.

టీవీకి కూడా రిమోట్ పుట్టుకతో రాలేదు. అమెరికాలో జెనిత్ కంపెనీ 1955లో వెలుతురు కిరణంతో పనిచేసే ఫ్లాష్‌మాటిక్‌ను, 1956లో చెవికి వినిపించని శబ్దంతో పనిచేసే స్పేస్ కమాండ్‌ను తెచ్చింది. తరువాతి కాలంలో ఆ చోటును ఇన్‌ఫ్రారెడ్ ఆక్రమించింది. ఇవాళ్టి మామూలు టీవీ రిమోట్ కొనన ఉండే చిన్న దీపం, కంటికి కనిపించని కాంతితో, సెకనుకు దాదాపు 38 వేల సార్లు చొప్పున వెలిగి ఆరుతూ సంకేతం పంపుతుంది. బాగా వాడుకలో ఉన్న ఎన్‌ఈసీ పద్ధతిలో ఒక బటన్ నొక్కితే వెళ్లే సందేశం మొత్తం 32 బిట్లు, అంటే నాలుగు బైట్లు. ఈ 32ను గుర్తుంచుకోవడం మంచిది. తరువాత వచ్చే లెక్కలను దీనితోనే పోల్చవలసి ఉంటుంది.

ల్యాప్‌టాప్ కథ వేరు. అది మూరెడు దూరంలో కూర్చుని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి పనిచేసే మనిషి కోసం తయారైన యంత్రం. సోఫాలో కూర్చున్న మనిషికి దాన్ని దగ్గర చేయాలని మధ్యలో ఒకసారి గట్టి ప్రయత్నమే జరిగింది. మైక్రోసాఫ్ట్ 2002లో విండోస్ ఎక్స్‌పీకి మీడియా సెంటర్ ఎడిషన్ తెచ్చింది. దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలు, బాణం బటన్లతో తిరిగే మెనూలు, ఆకుపచ్చ బటన్ ఉన్న రిమోట్, దాని సంకేతం అందుకోవడానికి యూఎస్‌బీకి తగిలించే రిసీవర్ ఆ ఏర్పాటులో ఉండేవి. ఆపిల్ 2005లో ఫ్రంట్ రో అనే ప్రోగ్రామునూ దానికి తగిన చిన్న తెల్ల రిమోట్‌నూ ఇచ్చింది. రెండూ నిలవలేదు. ఫ్రంట్ రో 2011లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ లయన్‌తో పోయింది. మీడియా సెంటర్ 2015లో వచ్చిన విండోస్ 10లో లేదు. ఆ రెండూ ప్రధానంగా డిస్కులోని ఫైళ్లనూ, డీవీడీలనూ, టీవీ ప్రసారాలనూ దృష్టిలో పెట్టుకుని కట్టినవి. వీడియో బ్రౌజరు పేజీలోకి మారేసరికి ఒక్కో సైటుది ఒక్కో అమరిక అయింది; అన్నింటికీ సరిపోయే ఒక రిమోట్ అన్న ఊహే చెదిరిపోయింది. యూట్యూబ్ తన టీవీ రూపాన్ని కొన్నేళ్లపాటు కంప్యూటర్ బ్రౌజర్లలో కూడా తెరవనిచ్చి, 2019లో ఆ తలుపునూ మూసేసింది.

చిత్రమేమిటంటే, కావలసిన దారి హెచ్‌డీఎంఐ కేబులులోనే ఉంది. ఆ కనెక్టరులోని 19 పిన్నులలో 13వది సీఈసీ అనే సంకేతాల కోసం కేటాయించినది. టీవీ, సౌండ్‌బార్, డిస్క్ ప్లేయరు ఒకదాన్నొకటి ఆన్ చేసుకోవడం, అన్నీ కలిసి ఒకే రిమోట్ మాట వినడం దీనివల్లనే సాధ్యమవుతుంది. శామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేర్లు వేరైనా తీగ ఒక్కటే. అరచేతిలో పట్టే 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటరులో, వీడియోలు ఆడించే 'కోడి' అనే ప్రోగ్రాము వేసి టీవీకి తగిలిస్తే, టీవీ రిమోట్ బాణం బటన్లతోనే దాని మెనూల్లో తిరగవచ్చు. అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో మాత్రం గ్రాఫిక్స్ చిప్పులు ఈ 13వ పిన్నును సాధారణంగా పట్టించుకోవు. రిమోట్ చెప్పిన మాట తీగ వెంట గుమ్మం దాకా వస్తుంది, లోపల తలుపు తీసేవారుండరు. మధ్యలో తగిలించే సీఈసీ అడాప్టర్లు పల్స్-ఎయిట్ లాంటి కంపెనీలవి ఉన్నాయి గానీ, ఊళ్లోని దుకాణానికి వెళ్లి అడిగితే వెంటనే చేతికిచ్చే వస్తువులు కావవి.

వేరే దారి వెతికే ముందు, ఒక సాయంత్రం చెయ్యి అసలు ఏమేం పనులు చేస్తుందో లెక్కవేసుకోవడం మేలు. ల్యాప్‌టాప్‌ను నిద్రలేపడం, పాస్‌వర్డ్ కొట్టడం, బ్రౌజరు తెరవడం, సినిమా పేరు టైపు చేయడం, వచ్చిన వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం, తెర నిండా పరచడం ఒకటి రెండు సార్లు జరిగే పనులు. ఆపడం, మళ్లీ నడపడం, చెవికి అందని మాట కోసం కాస్త వెనక్కి జరపడం, శబ్దం సర్దడం పదేపదే జరిగే పనులు. మొదటి రకానికి మౌసూ అక్షరాలూ కావాలి, రెండో రకానికి నాలుగైదు బటన్లు చాలు. రెంటికీ ఒకే పరికరం కావాలని పట్టుబట్టిన చోటనే చాలా ఏర్పాట్లు చెడతాయి. వీటిలో శబ్దాన్ని మొదటే లెక్కలోంచి తీసేయవచ్చు. ల్యాప్‌టాప్‌లో శబ్దం నిండుగా పెట్టేసి, హెచ్చుతగ్గులు టీవీ రిమోట్‌కే వదిలేస్తే, అన్నింటికన్నా ఎక్కువసార్లు చేసే పని అసలు ల్యాప్‌టాప్ గడపే తొక్కదు.

ఇక రిమోట్ డెస్క్‌టాప్ సంగతి. పేరులోనే రిమోట్ ఉండడం వల్లనో ఏమో, వెతికినవారికి ముందుగా ఎదురయ్యేది ఇదే. విండోస్‌లో ఉండే రిమోట్ డెస్క్‌టాప్‌తో మొదటి దెబ్బ వెంటనే తగులుతుంది: ఫోను నుంచి కనెక్ట్ కాగానే ల్యాప్‌టాప్ సొంత తెర లాక్ అవుతుంది. టీవీలో సినిమా పోయి లాగిన్ పేజీ వచ్చి కూర్చుంటుంది. సినిమా ఫోనులోకి వెళ్లిపోతుంది. దీన్ని లోపం అనడానికి లేదు. ఆఫీసులో తన కుర్చీలో లేని ఉద్యోగి ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు, ఆ పని అక్కడ తిరిగేవారి కంట పడకూడదన్నది అందులోని ఆలోచన. సోఫాకూ టీవీకీ మధ్య అదే ఆలోచన అడ్డం తిరుగుతుంది. పైగా విండోస్ హోమ్ ఎడిషన్ ఇలా వచ్చే కనెక్షన్లను అసలు స్వీకరించదు. ఇళ్లలోని ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఆ ఎడిషనే.

క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, ఎనీడెస్క్, వీఎన్‌సీ తరహా ప్రోగ్రాములు తెరను ఇలా లాక్ చేయవు. టీవీలో కనిపిస్తున్న తెరనే ఫోనుకూ చూపిస్తాయి. అక్కడ వేరే లెక్క ఎదురవుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి మూడు బైట్లు వేసుకుంటే ఒక్క బొమ్మకు దాదాపు 62 లక్షల బైట్లు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు, అంటే సెకనుకు దాదాపు 15 కోట్ల బైట్లు. ల్యాప్‌టాప్ నెట్ నుంచి వస్తున్న సినిమాను విప్పి టీవీకి పంపుతూనే, ఈ బొమ్మలన్నింటినీ అప్పటికప్పుడు మళ్లీ కుదించి వైఫై మీద ఫోనుకు పంపాలి. పదేళ్ల నాటి రెండు కోర్ల ప్రాసెసరుకు ఈ రెండో బరువు మోయరానిది. ఫ్యాను హోరెత్తుతుంది, టీవీలో బొమ్మ తడబడుతుంది. ఇంతా చేసి చేరవేసేది ఏమిటయ్యా అంటే, పాజ్ అన్న ఒక్క మాట. టీవీ రిమోట్ 32 బిట్లలో చెప్పే మాట. టీవీలో ఆడుతున్న బొమ్మే అరచేతిలోనూ ఆడుతుంటే దాన్ని చూసేవారెవరన్నది మరో ప్రశ్న. కాపీ రక్షణ గట్టిగా ఉన్న సినిమా అయితే ఫోనులో ఆ భాగం వట్టి నల్లటి పలకలా కనిపించడమూ కద్దు.

కళ్లకు టీవీ ఉంది, ఫోను చేతికి మాత్రమే కావాలి. ఈ తేడా గ్రహిస్తే దారి సుగమమవుతుంది: బొమ్మను వెనక్కి తెచ్చుకోకుండా, ఏ మీట నొక్కారన్న సంగతిని మాత్రమే ల్యాప్‌టాప్‌కు పంపే ప్రోగ్రాములు కావాలి. కేడీఈ కనెక్ట్ అలాంటిది. లినక్స్ లోకంలో పుట్టి విండోస్‌కూ వచ్చిన ఈ ఉచిత ప్రోగ్రాము, ఫోను తెరను మౌస్ కదిపే పలకగా మారుస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఆడుతుంటే దానికి పాజ్, ముందుకు, వెనక్కి బటన్లు ఫోనులో చూపిస్తుంది. బ్రౌజర్లు కూడా ఈ వైపు ఒక అడుగు వేశాయి. 2019 మార్చిలో వచ్చిన క్రోమ్ 73 నుంచి కీబోర్డు మీది పాజ్, ప్లే మీటలు బ్రౌజరులో ఆడుతున్న వీడియోకు కూడా వర్తిస్తున్నాయి. మౌస్‌తో ఆ చిన్న త్రికోణం గుర్తును వెతుక్కునే బాధ తప్పింది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మీది పాజ్ బటన్ సైతం ఇదే మార్గంలో పనిచేస్తుంది. సొంత ఫైళ్లు చూసేవారికి వీఎల్‌సీ, కోడి అనే రెండు వీడియో ప్లేయర్లూ మరింత సులువు. రెండింటిలోనూ ఒక చిన్న వెబ్ పేజీని ఆన్ చేసుకుని, ఫోను బ్రౌజరులో దాన్ని తెరిచి నడపవచ్చు. వీఎల్‌సీ దానికి పాస్‌వర్డ్ పెట్టనిదే లోపలికి రానివ్వదు. ఇంటర్మీడియట్ చదివే తమ్ముడు పక్క గదిలోంచి అక్క సినిమాను ఆపి తమాషా చూడకుండా ఉండాలంటే అది అవసరమే.

యూట్యూబ్ వరకు కీబోర్డు అక్షరాలే మంచి రిమోట్. కె నొక్కితే ఆగుతుంది, జె పది సెకన్లు వెనక్కి, ఎల్ పది సెకన్లు ముందుకు జరుపుతాయి, ఎఫ్ తెర నిండా పరుస్తుంది, ఎం శబ్దం మూస్తుంది, సి తెర అడుగున సబ్‌టైటిళ్లు చూపిస్తుంది. మిగతా సైట్లలో ఎక్కువచోట్ల స్పేస్‌బార్ ఆపడానికీ నడపడానికీ పనికొస్తుంది. ఈ ఆరేడు మీటలు అలవాటైన ఇంట్లో మౌస్ అవసరం సగానికి సగం పడిపోతుంది.

ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ వేయకుండా ఫోనునే బ్లూటూత్ కీబోర్డుగా చూపించే పద్ధతి ఒకటుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లకు ఈ వీలు కలిగింది. ల్యాప్‌టాప్ తనకు మామూలు కీబోర్డు, మౌస్ దొరికాయనే అనుకుంటుంది. వినడానికి ఇదే అన్నింటికన్నా శుభ్రమైన మార్గం. కానీ తెలుగువారికి ఇందులో ఒక మెలిక ఉంది. కీబోర్డు అక్షరాలను పంపదు, ఫలానా చోటి మీట నొక్కారన్న అంకెను మాత్రమే పంపుతుంది. ఆ అంకెను ఏ అక్షరంగా చదవాలన్నది ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న భాషను బట్టి ఉంటుంది. అన్నమయ్య కీర్తనల కోసం ఫోనులో తెలుగు కీబోర్డు తెరిచి "అన్న" అని కొట్టినా, ల్యాప్‌టాప్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక లేకపోతే ఆ అక్షరాలు వెళ్లడానికి దారే ఉండదు. రెండు వైపులా ప్రోగ్రాము నడిచే పద్ధతిలో మీట సంఖ్యకు బదులు అక్షరాన్నే పంపే వీలుంటుంది. అప్పుడు ఫోనులో నోటితో చెప్పి టైపు చేయించిన తెలుగు మాట కూడా టీవీలోని వెతుకుపెట్టెలో వచ్చి వాలుతుంది. పేరు టైపు చేయడంలో ఫోనుకు సాటి వచ్చే పరికరం మరొకటి లేదు. ఏదైనా రిమోట్‌ను ఒడిలో పెట్టుకుని ఒక్కో అక్షరం ఏరుకున్నవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

ఫోను గొడవ లేకుండా, యూఎస్‌బీ పోర్టుకు తగిలించే బుల్లి రిసీవర్‌తో, అంటే డాంగిల్‌తో, వచ్చే చిన్న వైర్‌లెస్ కీబోర్డు కొనుక్కునేవారు ఉన్నారు. ఒక పక్క టచ్‌ప్యాడ్ ఉన్నది అయితే మరీ మంచిది. గాలిలో ఊపితే కర్సర్ కదిలే ఎయిర్ మౌస్‌లు కూడా ఇదే జాతివి. ఇక్కడ ముందుగా సరిచేసుకోవలసింది టీవీ తెరనే. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. విండోస్ మామూలు బాణం గుర్తు సెంటీమీటరుకు లోపే. పది అడుగుల దూరం నుంచి దాన్ని చూడడానికే కళ్లు చికిలించాలి, ఇక దానితో ఒక మూల ఉన్న ఎక్స్ గుర్తును గురిచూసి కొట్టడం విలువిద్యే. సెట్టింగ్స్‌లో తెర పరిమాణాన్ని 150 లేదా 200 శాతానికి పెంచి, బాణాన్ని కూడా పెద్దది చేస్తే సగం కష్టం అక్కడే తీరుతుంది.

డాంగిల్ విషయంలో ఒక చిన్న సంగతి చాలామందిని వారాల తరబడి ఏడిపిస్తుంది. పెళ్లి వీడియో ఉన్న హార్డ్‌డిస్కును ల్యాప్‌టాప్ ఎడమవైపు నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెట్టి, పక్క పోర్టులోనే కీబోర్డు డాంగిల్ పెడతారు. తాళి కట్టే ఘట్టం దగ్గర ఆపాలని స్పేస్‌బార్ నొక్కితే ఆగదు. మళ్లీ నొక్కితే రెండూ కలిసి వెళ్లి ఆగినట్టే ఆగి నడుస్తుంది. బ్యాటరీలు మారుస్తారు, కీబోర్డు చెడిపోయిందనుకుంటారు. దోషం అందులో లేదు. యూఎస్‌బీ 3.0 లో డేటా పరుగెత్తేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకి కూడా వ్యాపిస్తుంది. డాంగిల్ వినవలసిన గొంతు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. డాంగిల్‌ను అవతలి వైపున్న పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చినా, జానెడు ఎక్స్‌టెన్షన్ తీగతో టీవీ ముందుకు తెచ్చిపెట్టినా కీబోర్డు బుద్ధిగా పనిచేస్తుంది.

వైఫై మీద నడిచే పద్ధతులకు మరో అడ్డంకి ఇంటి గోడలు. రాయలసీమ పాత మిద్దెల్లో రాతి గోడలు మూరెడు మందానికి తక్కువ ఉండవు. ఫైబర్ కనెక్షన్ వాళ్లు పెట్టె తెచ్చి వీధి గదిలో బిగించి పోతారు. టీవీ లోపలి నడిమింట్లో ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ సంకేతం వేగమైనదే కానీ ఇలాంటి గోడ ముందు 2.4 కన్నా త్వరగా చతికిలబడుతుంది. మీట నొక్కిన సంగతి చేరవేయడానికి వేగం అక్కరలేదు, తెగకపోవడం ముఖ్యం. కాబట్టి రిమోట్‌గా వాడే ఫోనును 2.4 లోనే ఉంచినా నష్టమేమీ లేదు. ల్యాప్‌టాప్‌ను మాత్రం వీలైతే లాన్ తీగతో రౌటరుకు కలపాలి, సినిమా వచ్చేది దానికే కాబట్టి. ఫోనుకు ల్యాప్‌టాప్ కనిపించడం లేదని ఎవరైనా వాపోతే, పదిసార్లలో ఎక్కువసార్లు కారణం రెండింటిలో ఒకటి అయి ఉంటుంది: ఫోను రౌటరులో అతిథుల కోసం విడిగా ఉంచే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉండడం, లేదా విండోస్ ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తుపెట్టుకుని ఇతర పరికరాలకు తలుపు వేసుకోవడం. రెండోదాన్ని సెట్టింగ్స్‌లో ప్రైవేట్‌గా మార్చితే చాలు.

అన్నీ కుదిరిన ఏర్పాటును కూడా కరెంటు ఒక్క క్షణంలో తలకిందులు చేస్తుంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కదా అనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏళ్లు గడిచి ఉంటాయి, టీవీతోపాటే అదీ ఆరిపోతుంది. కరెంటు వచ్చాక బటన్ నొక్కి ఆన్ చేస్తే అది లాగిన్ పేజీ దగ్గర ఆగుతుంది. ఫోను మాట వినే ప్రోగ్రాము సాధారణంగా లాగిన్ అయ్యాకే లేస్తుంది. అది లేవనిదే ఫోనుతో పాస్‌వర్డ్ కొట్టలేము, పాస్‌వర్డ్ కొట్టనిదే అది లేవదు. డాంగిల్ కీబోర్డుకు ఈ బాధ లేదు, అది విండోస్ లేవకముందు నుంచే పనిచేస్తుంది. మరో మార్గం, సినిమాలు చూడడానికి మాత్రమే ఒక వేరే యూజర్ ఖాతా తెరిచి, ఎలాంటి సొంత కాగితాలూ బ్యాంకు లాగిన్‌లూ అందులో లేకుండా చూసుకుని, దానికి పాస్‌వర్డ్ తీసేయడం.

నిద్రపోయిన ల్యాప్‌టాప్‌ను లేపడానికి వేక్ ఆన్ లాన్ అనే ఏర్పాటు ఉంది. ఆరు బైట్ల ముందుమాట, ఆ వెనుక ఆ ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కార్డు చిరునామా పదహారు సార్లు, మొత్తం 102 బైట్ల పిలుపు. నిద్రలోనూ చెవి ఒగ్గి ఉంచే నెట్‌వర్క్ కార్డు దాన్ని విని యంత్రాన్ని లేపుతుంది. లాన్ తీగ ఉంటే దీన్ని నమ్మవచ్చు, వైఫై మీద నమ్మడం కష్టం.

మూత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మూత వేస్తే నిద్రపోకుండా ఉండేలా పవర్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, చాలామంది మార్చుకుంటారు, ఆపై ల్యాప్‌టాప్‌ను టీవీ కింది బండ అరలో లోపలికి తోసేస్తారు. అనంతపురంలో ఎండాకాలం పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. కొన్ని మోడళ్లలో కీబోర్డు సందుల్లోంచి కూడా గాలి ఆడాలి. మూత వేసి, మూడు వైపులా మూసిన అరలో పెట్టిన యంత్రం కాసేపటికే వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు వీడియో తడబడితే నెట్ వాళ్లను తిట్టడం అన్యాయం. మూత కొద్దిగా తెరిచి, అర బయటి అంచున, వెనుక గాలి తగిలేలా పెడితే ఆ తంటా ఉండదు.

ఇంత గొడవ ఎందుకు, నెట్ నుంచి వీడియోలు తెచ్చే స్టిక్ ఒకటి కొని టీవీకి తగిలిస్తే పోదా అన్న మాట న్యాయమైనదే. 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ ఈ సమస్యను తలకిందులు చేసి తీర్చింది: ఫోను బొమ్మను పంపదు, ఫలానా వీడియో తెచ్చుకో అని మాత్రమే చెబుతుంది, టీవీకి తగిలించిన పరికరమే నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. ఫోను మొదటి నుంచీ రిమోట్‌గానే మిగులుతుంది. పేరున్న నాలుగు యాప్‌లకు మించి చూడనివారికి అంతకన్నా మంచి దారి లేదు, పాత ల్యాప్‌టాప్‌ను బలవంతంగా ఆ పనికి పెట్టడంలో అర్థమూ లేదు. యాప్ లేని సైటులో ఉన్న పాఠాలు, హార్డ్‌డిస్కులోని పెళ్లి వీడియోలు, ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక 'స్వయం'లో పాఠం ఒక పక్క, నోట్సు రాసుకునే పేజీ మరో పక్క తెరిచి పెట్టుకోవడం లాంటివి వచ్చినప్పుడే ల్యాప్‌టాప్ విలువ తెలుస్తుంది.

పైన తోసిపుచ్చిన రిమోట్ డెస్క్‌టాప్‌కు ఒక న్యాయమైన చోటు ఉంది, అది సోఫా కాదు, బెంగళూరు. దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం నుంచి అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టిచ్చేవారికి ఎదుట టీవీ ఉండదు. తెర మొత్తం కనిపించాల్సింది వారికే. ఇంటి కనెక్షన్లలో చాలావాటికి బయటి నుంచి నేరుగా చేరుకోగలిగే సొంత నెట్ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతారు. అందువల్ల రౌటరులో బయటి నుంచి లోపలికి దారి (పోర్టు) తెరిచే పాత చిట్కాలు పారవు, తెరిచినా అది దొంగలకు పిలుపే. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి రెండు వైపుల నుంచీ బయటి సర్వరుకు వెళ్లి అక్కడ కలుసుకుంటాయి కాబట్టి పనిచేస్తాయి. అయితే ఇదే తలుపును మోసగాళ్లూ వాడుతున్నారు. ఎనీడెస్క్ యాప్‌ను ఫోనులో వేయించి యూపీఐ ద్వారా డబ్బు కాజేసే పద్ధతి మీద రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో బ్యాంకులను హెచ్చరించింది. తప్పు ఆ యాప్‌ది కాదు, ఫోను చేసి, లోపలికి రానిచ్చే కోడ్ చదివి చెప్పించుకునే గొంతుది. ఇంట్లో పెద్దవారికి ఒక కట్టుబాటు ముందే చెప్పి ఉంచాలి: తెర మీది అంకెలు సొంత పిల్లలు అడిగినా ఫోనులో చదివి చెప్పే పని ఉండదు, ఆ ఏర్పాటు పండక్కి ఇంటికి వచ్చినప్పుడే పక్కన కూర్చుని చేసేశారు కాబట్టి.

అలా అన్నీ అమర్చి పెట్టిన ఒక ఆదివారం సాయంత్రం, బెంగళూరు నుంచి కనెక్షన్ కలుస్తుంది, ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు తెరుచుకుంటుంది, సినిమా వెతికి, తెర నిండా పరిచి, నడిపించడమూ అవుతుంది. అనంతపురంలో తల్లి మాత్రం ఫోనులో, "ఏమీ రాలేదు నాయనా, నీలం రంగే కనపడతాంది" అంటుంది. టీవీ ఇంకా కేబుల్ బాక్సు వైపే చూస్తోంది. దాన్ని హెచ్‌డీఎంఐ వైపు తిప్పడం ల్యాప్‌టాప్ వల్ల కాదు, ఆ మాట చెప్పవలసిన 13వ పిన్ను అవతల మూగగా ఉంది. "టీవీ రిమోట్ తీసుకోమ్మా, పైన సోర్స్ అని రాసుంటుంది, అది రెండుసార్లు నొక్కు."